మీ బాణీకి కార్డులు ఎవరు ఎంచాలి: సాఫ్ట్‌వేరా, శాస్త్రమా?

రెండేళ్ల క్రితం తిరుపతి గంగజాతర కోసం ఒక పాటకు బాణీ కట్టాను. మోహన రాగం, ఆది తాళం. పల్లవి ఒక్క సాయంత్రంలో కుదిరింది. దాని కింద వాయించాల్సిన కార్డుల (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపుల) దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాను. గడువు ముంచుకొస్తుంటే కార్డులు సూచించే ఒక సాఫ్ట్‌వేర్‌లోకి స్వరాలు ఎక్కించి, అది చూపిన వరుసను ఉన్నదున్నట్టు వాడేశాను. వినడానికి నిండుగానే ఉంది. నాదస్వరం వాయించడానికి వచ్చిన పెద్దాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి విన్నారు. తీసి పక్కన పెట్టి, "పాడింది మోహనమే నాయనా. కింద వినిపిస్తున్నది మాత్రం బిలహరిలా ఉందే" అన్నారు.

ఆయన ఎప్పుడూ కార్డులు నేర్చుకోలేదు. అయినా తప్పు ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నారు. బిలహరి ఆరోహణ మోహనంలాగే స రి గ ప ద స. అవరోహణలో మాత్రం నిషాదం (ని), మధ్యమం (మ) వచ్చి చేరతాయి. నా పాటలో గొంతు ఎక్కడా మధ్యమం, నిషాదం తాకలేదు. ఆ రెండింటినీ తెచ్చిపెట్టినవి కార్డులు. అప్పటి నుంచి ప్రతి కొత్త పాటకూ రెండు దారుల్లోనూ కార్డులు వేసి చూస్తున్నాను. ఒకసారి శాస్త్రం చెప్పినట్టు, ఒకసారి సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు. అలా తేలిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ముఖ్యంగా మనలాంటివారి కోసం. గాత్రమో, వీణో, వయొలినో నేర్చుకుని, తర్వాత సొంతంగా భక్తిగీతాలు, జాతర పాటలు, చిన్న సినిమాల పాటలు చేస్తున్నవారు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వారికి రాగం తెలుసు, కార్డు తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలన్నీ కార్డు తెలిసి రాగం తెలియనివారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అందుకే అవి ఎన్ని చూసినా మన బాణీ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడదు.

ఐదు స్వరాలు, మూడు తల్లులు

సాఫ్ట్‌వేర్ మొదట చేసే పని మీ స్వరాలను బట్టి స్కేలు, అంటే పాటకు ఆధారమైన స్వరాల వరుస, పోల్చుకోవడం. సందు ఇక్కడే ఉంది. ఒకటి శ్రుతిలో, అంటే సి షడ్జమంగా, మోహనం స్వరాలు సి, డి, ఇ, జి, ఎ. ఈ ఐదూ సి మేజర్ స్కేలులో ఉన్నాయి, జి మేజర్‌లో ఉన్నాయి, ఎఫ్ మేజర్‌లోనూ ఉన్నాయి. మన భాషలో చెప్పుకుంటే, అదే షడ్జమం మీద శంకరాభరణం, కల్యాణి, హరికాంభోజి మూడూ మోహనాన్ని తమ బిడ్డ అనుకోవచ్చు. సంప్రదాయం దాన్ని 28వ మేళమైన (తల్లి రాగమైన) హరికాంభోజి జన్యంగా, అంటే దాని నుంచి పుట్టినదిగా లెక్కిస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంప్రదాయం తెలియదు. పాశ్చాత్య పాటల్లో ఎక్కువగా కనిపించేది మేజర్ స్కేలు కాబట్టి దాన్నే ముందు పెడుతుంది.

ఈ ఎంపిక చిన్నదేమీ కాదు. శంకరాభరణం తల్లి అయితే మీ చేతికి వచ్చేవి ఎఫ్ మేజర్, జి మేజర్. కల్యాణి అయితే డి మేజర్ వస్తుంది, దాంతో పాట ఒక్కసారిగా వెలుగు పరిచినట్టు ఉంటుంది. హరికాంభోజి అయితే బి ఫ్లాట్ మేజర్, జి మైనర్ వస్తాయి, పాటకు మట్టివాసన పడుతుంది. బాణీ ఒకటే, లోకాలు మూడు. ఏ లోకం కావాలో పాట రాసినవారికి తెలియాలి. అది తేల్చకుండా సాఫ్ట్‌వేర్ తెరిస్తే అది తనకు అలవాటైన ఇంటికి తీసుకుపోతుంది.

తాళ్లపాక అన్నమాచార్యుల రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. అందుకే ఒకే కీర్తనకు వేర్వేరు విద్వాంసులు వేర్వేరు బాణీలు కట్టగలిగారు. రాగం పేరు తెలిసినంత మాత్రాన బాణీ రాదు. స్కేలు తెలిసినంత మాత్రాన కార్డు రావడమూ అంతే.

శాస్త్రం దారి: న్యాసస్వరం దగ్గర మొదలుపెట్టండి

పాశ్చాత్య శాస్త్రం అంతా నేర్చుకోవాల్సిన పని లేదు. నా అనుభవంలో ముందు కావాల్సినవి మూడే. ఒక స్కేలులో పుట్టే ఏడు కార్డులు ఏమిటి, వాటిలో ఇల్లు ఏది, బయలుదేరేది ఏది, తిరిగి ఇంటికి పిలిచేది ఏది, అదే కార్డును తిరగేసి పట్టుకోవడం ఎలా. రోజుకు అరగంట కూర్చుంటే రెండు మూడు నెలల్లో వేళ్లకు పడుతుంది. తర్వాతి అసలు పని చెవిది.

పద్ధతి చెబుతాను. న్యాసస్వరం అంటే గొంతు ఆగే స్వరం. పాటను కార్డులేవీ లేకుండా, శ్రుతిపెట్టె ఒక్కటే పెట్టుకుని పాడండి. ఎక్కడ గొంతు ఆగుతోందో, తాళంలో దెబ్బ ఎక్కడ పడుతోందో చూసుకుని ఆ స్వరాలను మాత్రమే కాగితం మీద రాయండి. కార్డు ఆ స్వరాలకే కావాలి, మధ్యలో దొర్లిపోయేవాటికి అక్కర్లేదు. ఏ స్వరమైనా ఏడింటిలో మూడు కార్డుల్లో ఉంటుంది. ఒకదానిలో మొదటి స్వరంగా, ఒకదానిలో మూడోదిగా, మరొకదానిలో ఐదోదిగా. అంటే ప్రతి ఆగిన చోటా మీకు మూడు తలుపులు.

నా పల్లవినే తీసుకుందాం. మొదటి ఆవర్తనం ఇది:

గ ప ద ప | గా | రీ ||

రెండోది:

గ ప గ రి | సా | సా ||

ఆది తాళంలో లఘువుకు నాలుగు, రెండు ద్రుతాలకు రెండేసి అక్షరాలు. కార్డు మారడానికి సహజమైన చోట్లు 1, 5, 7 అక్షరాలు. మొదటి నాలుగు అక్షరాలకు స–గ–ప, అంటే సి మేజర్, చక్కగా సరిపోతుంది. గాంధారం దగ్గర మూడు తలుపులు: సి మేజర్, ఎ మైనర్, ఇ మైనర్. ఇ మైనర్‌లో నిషాదం ఉంది, పక్కన పెడదాం. ఎ మైనర్ అంటే ద–స–గ, మూడూ మోహనం స్వరాలే. గొంతు అక్కడే నిలిచి ఉండగా కింద బేస్ షడ్జమం నుంచి ధైవతానికి దిగుతుంది. ఆ దిగడంలో చిన్న బెంగ ఉంది. నాకు అది కావాలి, తీసుకున్నాను.

ఇక రిషభం. రెండు అక్షరాలు నిలుస్తుంది. మూడు తలుపులు: డి మైనర్, అంటే రి–మ–ద, మధ్యమం ఉంది. జి మేజర్, ప–ని–రి, నిషాదం ఉంది. బి డిమినిష్డ్, ని–రి–మ, రెండూ ఉన్నాయి. ఒక్కటీ శుభ్రంగా లేదు. నిజానికి మోహనం స్వరాలతో పూర్తి మేజర్, మైనర్ కార్డులు రెండే పుడతాయి, సి మేజర్, ఎ మైనర్. మిగతా చోట్లన్నీ ఖాళీలే. సాఫ్ట్‌వేర్ అక్కడ నాకు డి మైనర్ ఇచ్చింది, రెండో ఆవర్తనంలో మొదటి సా కింద ఎఫ్ మేజర్ ఇచ్చింది. ఆ రెండు చోట్లా మధ్యమం దూరింది. పైగా ఫ్లూట్ వాయించిన తమ్ముడు కార్డు విని, దానికి తగ్గట్టు "మ గ రి" అని ఒక జారుడు వేశాడు. అతని తప్పు లేదు, కార్డు అలా పిలిచింది. బిలహరి పూర్తయింది.

ఇలాంటి ఖాళీ దగ్గర ఏం చేయాలో శాస్త్రం తెలిస్తేనే తోస్తుంది. ఒక దారి, మూడో స్వరం లేకుండా ప, రి రెండే పట్టుకోవడం. అది మేజర్ కాదు, మైనర్ కాదు, తంబూరా లాంటి తెరిచిన ధ్వని. రెండో దారి రి–ప–ద, దీన్ని డి సస్పెండెడ్ ఫోర్త్ అంటారు, మూడూ మోహనం స్వరాలే. మూడో దారి, రాగం దాటుతున్నానని తెలిసే బి ఫ్లాట్ మేజర్ వేయడం. చరణం చివర, డప్పులు ఎగసే చోట అది గొప్పగా ఉంటుంది. పల్లవిలో వద్దు, వినేవారికి ఇంకా రాగం చెవికెక్కలేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. రాగంలో లేని స్వరం కార్డులో రావడం నేరమేమీ కాదు. లలిత సంగీతంలో, సినిమా పాటల్లో మోహనం కింద ఎఫ్, జి కార్డులు హాయిగా వినిపిస్తాయి. అది తెలిసి చేసిన పని కావాలి, అంతే. నేను తెలియక చేశాను.

సాఫ్ట్‌వేర్ దారి: దేనికి ఏది

వీటన్నిటినీ ఒక గాటన కట్టడం సరికాదు. వాటి పనులు వేరు.

హుక్‌ప్యాడ్ బ్రౌజర్‌లో నడుస్తుంది, ఉచితంగా మొదలుపెట్టవచ్చు. పైన స్వరాలు, కింద కార్డులు పేర్చుకుంటూ పోవచ్చు. దీనిలో నాకు నచ్చింది, స్వరాలను శ్రుతికి సాపేక్షంగా 1, 2, 3 అని చూపించడం. స రి గ అలవాటైనవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది, శ్రుతి మార్చినా అంకెలు మారవు. డోరియన్, మిక్సోలిడియన్ వంటి మోడ్‌లు (పాశ్చాత్య స్కేలు రకాలు) కూడా ఎంచుకోవచ్చు. నేర్చుకుంటూ పాట చేయాలనుకునేవారికి మొదట ఇదే చెబుతాను.

స్కేలర్ వేరే రకం. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌గా కూర్చుంటుంది. మీరు వాయించిన స్వరాలను బట్టి స్కేలు పోల్చి, దానిలోని కార్డులన్నీ పరుస్తుంది. ఒక్కో మీటకు ఒక్కో కార్డు కట్టి వాయించుకోవచ్చు, నచ్చిన వరుసను ట్రాక్ మీదికి లాగేయవచ్చు. నెలనెలా చందా లేకుండా ఒకేసారి కొనుక్కునేది. వేళ్లకు కార్డులు రాకపోయినా చెవి గట్టిగా ఉన్నవారికి ఇది నిజంగా వరం. నిమిషంలో పది రకాలు వినిపిస్తుంది. ప్రమాదమూ అక్కడే, పదోది వినేసరికి మొదటిది ఎందుకు వద్దనుకున్నామో గుర్తుండదు. వింటున్నప్పుడే కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి.

క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవారు విడిగా ఏదీ కొనే ముందు దానిలోని కార్డ్ ట్రాక్‌ను, కార్డ్ అసిస్టెంట్‌ను చూడండి, మీ ఎడిషన్‌లో ఉన్నాయో లేదో సరిచూసుకుని. ఆపిల్ కంప్యూటర్ ఉన్నవారికి లాజిక్ ప్రోలోనూ కార్డ్ ట్రాక్ ఉంది. చేతిలో ఉన్న పనిముట్టును వదిలి కొత్తది కొనడం చాలామంది చేసే పొరపాటు.

కార్డిఫై వంటివి ఇతరుల పాటల్లో కార్డులు గుర్తించడానికి. మీకు నచ్చిన పది పాటల్లో రిషభం నిలిచిన చోట ఏం వేశారో వెతుక్కోవడానికి బాగుంటాయి. అవి చూపేది ఎక్కువగా మేజర్, మైనర్ చట్రంలోనే ఉంటుంది, తిరగేసిన కార్డులు, సస్పెండెడ్ కార్డులు తరచూ జారిపోతాయి. ఐరియల్ ప్రో, బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ మీరు రాసిన కార్డులకు వాద్యబృందాన్ని సమకూరుస్తాయి. కార్డు ఎంచే పని వాటికి అప్పగించకండి, ఎంచినదాన్ని లయతో వినడానికి వాడుకోండి.

2009లో మైక్రోసాఫ్ట్ సాంగ్‌స్మిత్ అని ఒకటి తెచ్చింది. మైకులో పాడితే చాలు, కార్డులు అదే వేస్తుంది. దానిలో రెండు మీటలు ఉండేవి, ఒకటి సంతోషం పాలు, రెండోది జాజ్ పాలు పెంచడానికి, తగ్గించడానికి. అదే పాట, మీట జరిపితే కార్డులు మారిపోతాయి. ఒక బాణీకి సరైన కార్డు ఒక్కటే ఉండదన్న సంగతి దానికన్నా స్పష్టంగా చూపిన పనిముట్టు నాకు కనిపించలేదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చూపే మొదటి సూచన కూడా అలాంటి ఒక మీట స్థానమే.

మన వాద్యబృందాల్లో వాడే అరేంజర్ కీబోర్డును కూడా ఈ జాబితాలో చేర్చాలి. ఎడమచేత్తో కార్డు పట్టుకుంటే లయ, బేస్ వెంట నడుస్తాయి. చెవి, చేయి కలిసి నేర్చుకునేది దీని మీదే. ఇప్పటికే ఇంట్లో ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ముందు దానితో ఆరు నెలలు కూర్చోండి.

గమకం దగ్గర జాగ్రత్త

పాడిన గొంతును నేరుగా సాఫ్ట్‌వేర్‌కు వినిపిస్తే మన పాటల్లో గమకాల (స్వరాన్ని ఊపి పలకడం) వల్ల ఒక చిక్కు వస్తుంది. తోడి గాంధారం ఊగుతుంది, ఒక్క చోట నిలవదు. మనకు అది ఒక్క స్వరం. యంత్రానికి మూడు నాలుగు ముక్కలు. వాటిలో దేన్నో పట్టుకుని సంబంధం లేని కార్డు చూపిస్తుంది. కాబట్టి గొంతు ఇవ్వకండి, గమకాలు తీసేసి సాదా స్వరాలను కీబోర్డు మీద వాయించి ఇవ్వండి.

ఇంకొక సంగతి సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ చెప్పదు. గొంతు ఏ స్వరాన్ని ఊపుతోందో ఆ స్వరం కార్డులో గట్టిగా నిలిచి ఉండకూడదు. కింద గాంధారం మేకు కొట్టినట్టు ఉండి, పైన గాయని గాంధారాన్ని ఊపుతుంటే రెండూ రాసుకుంటాయి. అలాంటి చోట కార్డులోంచి ఆ స్వరాన్ని తీసేయండి, మిగిలిన రెండే వాయించండి. పాట వెంటనే ఊపిరి పీల్చుకుంటుంది.

సరళీ వరుసల రాగం, పంచమం వదిలేసిన రాగం

మనమంతా సంగీతం మొదలుపెట్టిన మాయామాళవగౌళే సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పరీక్ష. ఒకటి శ్రుతిలో స్వరాలు సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. పాశ్చాత్యులు దీన్ని డబుల్ హార్మోనిక్ అంటారు, కొన్ని జాబితాల్లో బైజాంటైన్ అని ఉంటుంది. ఆ పేర్లతో వెతకాలి. లేకపోతే సాఫ్ట్‌వేర్ దీన్ని వేరే ఏదో మైనర్ అనుకుంటుంది. ఇంటికి పిలిచే జి మేజర్ ఇక్కడ పుట్టదు, దానికి చతుశ్రుతి రిషభం (డి) కావాలి, మనకున్నది శుద్ధ రిషభం (డి ఫ్లాట్). బలవంతంగా జి మేజర్ వేస్తే రాగం అక్కడికక్కడే కూలిపోతుంది. డి ఫ్లాట్ మేజర్ నుంచి సి మేజర్‌కు దిగండి, లేదా ఎఫ్ మైనర్ నుంచి రండి. రెండూ రాగంలోనే ఉన్నాయి, ముగింపు కూడా ఘనంగా ఉంటుంది.

హిందోళం మరో రకం పరీక్ష. స గ మ ద ని, పంచమం లేదు. సి మైనర్ వేస్తే పంచమం వచ్చేస్తుంది. ఈ స్వరాలతో పుట్టే పూర్తి కార్డులు ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్ మాత్రమే. పైగా హిందోళం ధైవతాన్ని షడ్జమం చేసి చూస్తే గ్రహభేదంలో అది మోహనం. అందుకే స్కేలు పోల్చే సాఫ్ట్‌వేర్ ఎ ఫ్లాట్ మేజర్ అని చెప్పి, ఎ ఫ్లాట్ దగ్గర పాటను ముగించమంటుంది. అలా ముగిస్తే హిందోళం పాడినవారి కింద మోహనం వినిపిస్తుంది. నేను ఎఫ్ మైనర్ పట్టుకుని బేస్‌లో షడ్జమం ఉంచుతాను. హిందోళానికి తంబూరాను స–మ శ్రుతి చేసుకునే అలవాటు మనకు ఉన్నదే కదా, ఇది దానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకొన్ని మేళాల పేర్లు కూడా చెప్పేస్తాను, సాఫ్ట్‌వేర్ జాబితాలో వెతుక్కోవడానికి పనికొస్తాయి. శంకరాభరణం మేజర్, నటభైరవి నేచురల్ మైనర్, కీరవాణి హార్మోనిక్ మైనర్, ఖరహరప్రియ డోరియన్, హరికాంభోజి మిక్సోలిడియన్, కల్యాణి లిడియన్, తోడి ఫ్రిజియన్. గౌరిమనోహరి మెలోడిక్ మైనర్ ఆరోహణతో సమానం. ఇవి స్వరాల పోలికలే, నడక పోలికలు కావు.

ఇంతకీ మీరు ఏది తీసుకోవాలి?

కీరవాణి, నటభైరవి, శంకరాభరణం లాంటి ఏడు స్వరాల బాణీలు, గమకం తక్కువ, పని త్వరగా తేలాలి అంటే సాఫ్ట్‌వేర్‌ను నమ్మవచ్చు. కార్డులు దాదాపు చేతికందేలా వస్తాయి. ప్రకటన పాటలు, పిల్లల పాటలు చేసేవారికి స్కేలర్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

ఔడవ (ఐదు స్వరాల) రాగాలు, మాయామాళవగౌళ, తోడి వంటివి చేసేవారు శాస్త్రం నేర్చుకోకుండా సాఫ్ట్‌వేర్ కొనవద్దు. మీకు కావాల్సిన చోటే అది తడబడుతుంది, అది తడబడిందని మీకు తెలియదు. గురువు దొరికితే మేలు. పియానోనో గిటారునో గ్రేడు పరీక్షలకు నేర్పేవారి దగ్గరికి మీ బాణీలనే తీసుకువెళ్లి, "ఈ స్వరం కింద ఏమేమి వేయవచ్చు, ఎందుకు?" అని అడగండి. పాఠ్యపుస్తకం వరుసలో వెళ్తే ఏడాది పట్టేది, ఇలా అడిగితే కొన్ని వారాల్లో ఒక దారి పడుతుంది.

పాడటం తప్ప ఏ వాద్యమూ రానివారు హుక్‌ప్యాడ్‌తో మొదలుపెట్టి, పక్కన ఒక చిన్న కీబోర్డు ఉంచుకోండి. తెర మీద చూసిన ప్రతి కార్డునూ చేత్తో ఒకసారి పట్టుకోండి. తెర మీద చూసింది మరునాటికి మరిచిపోతాం, చేతికి పట్టింది ఉండిపోతుంది.

నేను ఇప్పుడు రెండూ వాడుతున్నాను, వరుస మాత్రం మార్చుకున్నాను. ముందు కాగితం, శ్రుతిపెట్టె, న్యాసస్వరాలు. ఇల్లు ఏదో, తల్లి రాగం ఏదో నేనే రాసుకుంటాను. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. స్కేలును పోల్చనివ్వను, నేనే నింపుతాను. అది చూపినవాటిలో నాకు తట్టనిది ఒకటో రెండో ఎప్పుడూ ఉంటాయి, వాటిని దాచుకుంటాను.

ఆ జాతర పాటను మరుసటి ఏడాది మళ్లీ రికార్డు చేశాం. రిషభం దగ్గర ఇప్పుడు ఎడమచేయి ప, రి రెండింటినే పట్టుకుంటుంది, సా దగ్గర ఎఫ్ మేజర్ తీసేసి ఎ మైనర్ మీదుగా సి మేజర్‌కు వస్తాం. నాదస్వరం పెద్దాయన ఈసారి హెడ్‌ఫోన్లు తీయలేదు. పల్లవి రెండోసారి తిరిగేసరికి వాద్యం నోటి దగ్గరికి తెచ్చుకున్నారు.